తాత ఉత్తరాల్లో యుద్ధం ఎక్కడుంది?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా తాత మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో సాపర్‌గా (సైన్యం ఇంజనీర్ దళంలో సిపాయిగా) పనిచేశాడు. 1971 యుద్ధంలో పఠాన్‌కోట్ అవతల ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన పోయాక ట్రంకు పెట్టెలో 1970 నుంచి 1973 దాకా ఇంటికి రాసిన ఉత్తరాల కట్ట దొరికింది. అన్నీ మా ముత్తాత పేరు మీదే ఉన్నాయి. యుద్ధం ఊసే లేదు. చలి, తిండి, మనియార్డర్, ఎద్దులు, అప్పు, సమ్మక్క మొక్కు, అంతే. ఊళ్లో తాత దోస్తుకు రాసినవి మూడు నాలుగు ఆయన కొడుకు తెచ్చిచ్చాడు. వాటిలో ఒకదాంట్లో మాత్రం రాత్రంతా మైన్ల (మందుపాతరల) నడుమ పాకామని, పక్కవాడికి పాదం పోయిందని ఉంది. మా పెదనాన్న ఏమో "ఆయన ఇంజనీర్లల్ల ఉండె, కొట్లాటకు పోలే, వీటిల చరిత్ర ఏముంటది" అంటాడు. ఈ ఉత్తరాలు యుద్ధ అనుభవానికి ఆధారంగా పనికొస్తాయా? ఎట్లా చదవాలి?

జవాబు:

పనికొస్తాయి. పెదనాన్న గారి మాట విని వాటిని మళ్లీ పెట్టెలో వేసి మూయకండి. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. వరంగల్, కరీంనగర్ వైపు పల్లెల్లో మాజీ సైనికుల ఇళ్లకు వెళ్లి ఇటువంటి కట్టలు చదవడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. దాదాపు ప్రతి ఇంట్లో మీరడిగిందే అడుగుతారు: "సార్, ఇందులో యుద్ధం ఏదీ?" నేను చెప్పేది ఒకటే. ఏం రాశాడో చూసే ముందు ఎవరికి రాశాడో చూడండి. దాన్ని ఊళ్లో ఎవరు చదివి వినిపిస్తారో, ఎవరెవరు చుట్టూ కూర్చొని వింటారో రాసేటప్పుడు ఆయనకు తెలుసు. అది మీకు కూడా తెలిస్తే ఎద్దుల గురించిన వాక్యానికి కూడా అర్థం కనబడుతుంది.

ముందు, మీ దగ్గరున్నది ఎంత అరుదైనదో చెప్పాలి. భారత సైనికుల యుద్ధ ఉత్తరాలనగానే చరిత్రకారులు మొదట చూసేది మొదటి ప్రపంచ యుద్ధం నాటివి. 1914 సెప్టెంబర్ చివర్లో మన సైనికులు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగారు. కొద్ది వారాల్లోనే వాళ్ల ఉత్తరాలు విప్పి చూసే సెన్సార్ ఆఫీసు ఒకటి మొదలైంది. దానికి అధిపతి కెప్టెన్ ఇ. బి. హావెల్. 1915 వసంతం నాటికి ఫ్రాన్స్ నుంచి మనవాళ్లు వారానికి పది ఇరవై వేల ఉత్తరాలు రాస్తున్నారు. అన్నీ చదవడం కుదరదు కాబట్టి సెన్సార్ వాళ్లు కొన్ని తీసి, ముఖ్యమనుకున్న ముక్కలను ఇంగ్లీషులోకి మార్చి, రిపోర్టులకు జతచేసి పై అధికారులకు పంపేవారు. ఆ రిపోర్టులే ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అసలు ఉత్తరాలు పంజాబ్, గఢ్వాల్ పల్లెలకు చేరాయి, అక్కడే చాలావరకు మట్టిలో కలిశాయి.

అంటే మనకు మిగిలింది సైనికుడి చేతిరాత కాదు, భాష కూడా ఆయనది కాదు. చాలామందికి చదువు రాదు కాబట్టి వాళ్లు చెబుతుంటే పల్టన్‌లో రాత వచ్చినవాడు రాసేవాడు. దానిలోంచి సెన్సార్ ఏరుకున్న ముక్క, దానికి ఇంగ్లీషు అనువాదం, అదీ మనం చదివేది. ఆ అధికారికి కావలసింది సైనికుల విధేయత ఎట్లా ఉంది, మనసు ఎట్లా ఉంది అన్నది. ఎద్దుకు నలత తగ్గిందా అన్న వాక్యం ఆయనకు అక్కర్లేదు. మీ కట్టలో ఆ వాక్యాలన్నీ ఉన్నాయి. తాత తన చేత్తో, తన తెలుగులో, తన ఊరి మాటలో రాసినవి. పైగా కొన్నేళ్లు వరుసగా ఉన్నాయి. ఇట్లాంటి తెలుగు కట్టలు దొరకడం చాలా తక్కువ.

అయినా ఆ ఫ్రాన్స్ ఉత్తరాల నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది. మధ్యలో దొర చదువుతాడని సైనికులకు తెలుసు. అందుకని కొందరు గుట్టుగా రాశారు. నల్ల మిరియాలు అయిపోవచ్చాయి, ఇప్పుడు ఎర్ర మిరప వాడుతున్నారని ఒకాయన రాశాడు. నల్లవి మన సైనికులు, ఎర్రవి తెల్ల సైనికులు. సెన్సార్ ఆ గుట్టు పట్టుకొని రిపోర్టులో రాశాడు కాబట్టే మనకు తెలిసింది. గాయపడి ఇంగ్లండ్ ఆసుపత్రిలో ఉన్న ఒక రాజపుత్ర సైనికుడు ఇది యుద్ధమే కాదు, లోకం అంతమవుతున్నది, మహాభారతంలో విన్న యుద్ధం ఇట్లాంటిదేనని ఇంటికి రాశాడు. ఫిరంగుల మోత, శవాల గుట్టలు చెప్పాల్సి వచ్చినప్పుడు ఇంకా చాలామంది వానలు, కోసిన పంటల పోలికలే పట్టుకున్నారు. ఊళ్లో వినేవాడు రైతు. ఫిరంగి ఎట్లుంటుందో ఆయనకు తెలియదు, కోతలైన పొలం తెలుసు. ఆ పోలిక వినేవాడి కోసం వెతుక్కున్నది.

ఇప్పుడు మీ ముత్తాత పేరు మీద వచ్చిన ఉత్తరాలకు వద్దాం.

1971లో మన వైపు పల్లెలో ఉత్తరం వస్తే ఏమయ్యేదో మీ బాపమ్మను అడగండి. పోస్ట్‌మన్ ఇంటి ముందర పేరు పెట్టి పిలిచేవాడు. చదవడం రానివాళ్ల ఇంట్లో ఆయనే చదివేవాడు, లేదంటే బడి సారు, లేదంటే ఆరో ఏడో తరగతి చదివే పక్కింటి పిల్లగాడు. అరుగు మీద ముసలాయన, గడప లోపల భార్య, తల్లి, వాకిట్లో ఇరుగుపొరుగు. ఇంతమంది వింటున్న చోట మీ తాత తన భార్యతో ఏం మాట్లాడగలడు? అందుకే ఆ రోజుల్లో చాలా ఉత్తరాల్లో భార్య పేరే ఉండదు. "పిల్లలు ఎట్లున్నరు", "ఇంట్ల అందరు మంచిగున్నరా" అన్నదాంట్లోనే ఆమె ఉంటుంది. "నేను ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను" అన్నది బడిలో నేర్పిన తీరు. అది చూసి ఈయనకు యుద్ధం సోకలేదనుకోకూడదు. ఎంత గడ్డు రోజైనా ఆ వాక్యంతోనే మొదలవుతుంది. కాబట్టి ఆ మొదటి రెండు వరుసలను ఆధారంగా తీసుకోకండి, భయపడ్డాడనడానికి గానీ, భయపడలేదనడానికి గానీ.

ఆ తర్వాతి వరుసల్లో అసలు సంగతి ఉంటుంది. మీరు చెప్పిన సమ్మక్క మొక్కు ఏ తేదీ ఉత్తరంలో ఉందో చూడండి. 1971 అక్టోబర్, నవంబర్ అయితే ఆ వాక్యం దగ్గర ఆగి ఆలోచించండి. మేడారంలో నిలువెత్తు బంగారం మొక్కడమంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం తల్లికి ఇస్తానని మాట ఇవ్వడం. అది మామూలు రోజుల్లో, ఊరికే మొక్కే మొక్కు కాదు. రోగమో, ప్రాణగండమో, సంతానం కోరికో, అట్లాంటి పెద్ద అవసరం ఉన్నప్పుడు మొక్కుతారు. వయసులో ఉన్న మనిషి, ఒంట్లో బాగున్నవాడు, "నా పేరు మీద సమ్మక్కకు మొక్కుండ్రి" అని తండ్రికి రాశాడంటే తాను ఎక్కడికి పోతున్నాడో ఆయనకు తెలుసు. ఇంట్లో ముసలాయనకూ అర్థమై ఉంటుంది. వాకిట్లో వినే నలుగురికీ అది భక్తి మాట. కరీంనగర్ వైపు ఉత్తరాల్లో ఇదే పని వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చేస్తుంది. భయం అన్న మాట రాయకుండా భయాన్ని ఇంటికి చేరవేసే దారి ఇది. ఇటువంటి వాక్యం నాకు కనబడితే ఒక్కోసారి పెద్ద యుద్ధ వర్ణన కంటే దాన్నే ఎక్కువ నమ్ముతాను. మెప్పు కోసం ఎవరూ మొక్కుకోరు కదా.

అప్పు సంగతి కూడా అంతే. అప్పటిదాకా "షావుకారుకు నేను వచ్చినంక కడుతా" అని రాసినవాడు ఉన్నట్టుండి ఎవరికెంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి, భూమి కాగితాలు ఎక్కడున్నాయి అని వివరంగా రాస్తే ఆ తేదీ పక్కన గుర్తు పెట్టుకోండి. మనియార్డర్ ఎప్పుడూ పంపే దానికంటే పెద్ద మొత్తం వచ్చిందేమో చూడండి. మనియార్డర్ ఫారం అడుగున కబురు రాసే చిన్న జాగా ఉండేది. ఆ ముక్కలు కూడా ఎవరైనా దాచి ఉంటే పారేయొద్దు.

దోస్తుకు రాసిన ఉత్తరం ఎందుకు అంత వేరుగా ఉందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఆ దోస్తు బహుశా చదువుకున్నవాడు, తానే చదువుకుంటాడు, ఏడుస్తూ కూర్చోడు. రెండూ ఒకే మనిషి రాసినవి. ఇంటి ఉత్తరం అబద్ధం, దోస్తు ఉత్తరం నిజం అని తేల్చకండి. దోస్తు దగ్గర కొంచెం ధైర్యం ఎక్కువ చేసి చెప్పుకొనే గుణం కూడా యువకులకు ఉంటుంది. తేదీల వరుసలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఏ రోజు సంగతి ఎవరికి చెప్పాడు, ఎవరికి దాచాడు అన్నది తేలుతుంది. ఆ దాచడం కూడా ఆయన అనుభవంలో భాగమే. చూసినదాన్ని మోయడం ఒక బరువు, దాన్ని ఇంటివాళ్ల చెవిన పడకుండా చూసుకోవడం ఇంకో బరువు.

చదువుకున్న అధికారుల ఉత్తరాల్లో కూడా ఇదే కనిపిస్తుంది. 1999 కార్గిల్‌లో మన హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న చనిపోయారు. రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్ ఆయనది, మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. దానికి కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరం పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేసి రిటైరైనవారు. అందుకే ప్రాణనష్టం గురించి బాధపడొద్దని, ఈ వృత్తిలో అది మన చేతిలో లేనిదని ఆయనతో నేరుగా అనగలిగారు. అదే ఉత్తరంలో అమ్మకు చెప్పమన్న మాట వేరు, యుద్ధంలో పాల్గొనడం జీవితంలో దొరికే గౌరవమని. భార్య అప్పుడు గర్భవతి. ఆమెకు రోజుకో మహాభారత కథ చెప్పమని తండ్రిని కోరారు. ఒక్క కాగితం మీద ముగ్గురికి మూడు రకాలుగా మాట్లాడారు. ఎవరు ఎంత మోయగలరో తూచి రాసిన ఉత్తరం అది. మీ తాతకు ఆ ఇంగ్లీషు చదువు లేకపోవచ్చు, ఆ తూకం మాత్రం ఆయన ఉత్తరాల్లో కూడా ఉంటుంది.

ఇక పెదనాన్న గారి మాట. ఇంజనీర్ల దాంట్లో ఉన్నాడు కాబట్టి కొట్లాటకు పోలేదనడం సరికాదు, ఇది గట్టిగా చెప్పాలి. 1971లో పఠాన్‌కోట్ అవతల, సరిహద్దు దాటాక వచ్చే షకర్‌గఢ్ ప్రాంతంలో పాకిస్తాన్ ముందే వెడల్పాటి మైన్‌ఫీల్డ్‌లు పరిచి పెట్టింది. ట్యాంకులు, పదాతిదళం ముందుకు పోవాలంటే ఆ మైన్లలోంచి దారి తీయాలి. ఆ దారి తీసేది సాపర్లు. చీకట్లో, అవతలి నుంచి కాల్పులు జరుగుతుండగా, నేల మీద బోర్లా పడుకొని మైన్ ఎక్కడుందో వెతికి తీసి, శుభ్రమైన దారికి అటూ ఇటూ తెల్ల టేపు కట్టాలి. మైన్లను తొలగించే ట్రాల్ అనే పరికరం బిగించిన ట్యాంకులు ఉన్నా మనిషి చేసే పని మిగిలే ఉండేది. అక్కడి బసంతర్ వాగు దగ్గర మద్రాస్ సాపర్లకే, అంటే మీ తాత పనిచేసిన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కే చెందిన 9 ఇంజనీర్ రెజిమెంట్ ఈ పనే చేసింది. ఆ రెజిమెంట్‌కు చెందిన మేజర్ విజయ్ రతన్ చౌదరి మైన్లు తొలగించే పనిలో ఉండగానే ప్రాణం పోగొట్టుకున్నారు, ఆయనకు మహావీర్ చక్ర వచ్చింది. డిసెంబర్ 15-16 రాత్రి అవతలి ఒడ్డున పదాతిదళమైన మద్రాస్ రెజిమెంట్ 16వ బెటాలియన్ వాళ్లు ఒత్తిడిలో ఉన్నారని తెలిసి, దారి పూర్తిగా తయారు కాకముందే పూనా హార్స్ అనే రెజిమెంట్ ట్యాంకులు మైన్లలోంచే దాటాయి. సాపర్ ఉన్నది ఆ ట్యాంకులకు ముందు.

మీ తాత సరిగ్గా ఏ రెజిమెంట్‌లో ఉన్నాడో మీరు రాయలేదు. కాబట్టి ఆయన బసంతర్ దగ్గరే ఉన్నాడని నేను అనను, మీరూ అప్పుడే అనుకోవద్దు. "రాత్రంతా మైన్ల నడుమ పాకినం" అన్న వాక్యం మాత్రం ఆ ప్రాంతంలో సాపర్లు చేసిన పనికి పూర్తిగా సరిపోతున్నది.

ఇంకొకటి. ఇళ్లలో అందరూ డిసెంబర్ ఉత్తరాల కోసమే వెతుకుతారు. పశ్చిమ సరిహద్దులో యుద్ధం డిసెంబర్ 3 సాయంత్రం మొదలై 17 రాత్రి ఎనిమిదింటికి ఆగింది. ఆ రెండు వారాల్లో ఉత్తరాలు రాయడానికి తీరిక ఎక్కడిది, రాసినా రెండు వాక్యాలే. అసలు సంగతి ముందూ వెనకా ఉంటుంది. లీవులు ఎప్పుడు ఆగాయి, "ఈసారి సంక్రాంతికి రాలేను" అని ఎప్పుడు రాశాడు, "ఫీల్డ్‌ల ఉన్నం" అన్న మాట ఎప్పటి నుంచి వస్తున్నది, ఇవి చూడండి. ఆ తర్వాత 1972 ఉత్తరాలు. కాల్పుల విరమణతో పదాతిదళానికి కొంత ఊపిరాడింది, సాపర్లకు లేదు. 1972 జూలై 2న సిమ్లా ఒప్పందం అయింది, పశ్చిమాన ఆక్రమించిన భూమి నుంచి సైన్యాలు వెనక్కి వచ్చింది ఆ ఏడాది డిసెంబర్‌లో. అప్పటిదాకా అక్కడే ఉండాలి, పరిచిన మైన్లను పోయేలోగా ఏరాలి. రేడియోలో యుద్ధం అయిపోయిందని విన్న ఇంటివాళ్లు "ఇంకెందుకు వస్తలేవు" అని అడిగి ఉంటారు. దానికి ఆయన ఏం జవాబిచ్చాడో 1972 ఉత్తరాల్లో వెతకండి. పక్కవాడి పాదం పోయింది ఆ నెలల్లోనేమో, తేదీ మళ్లీ చూడండి.

ఇంటి నుంచి వెళ్లిన ఉత్తరాలు మీకు దొరకవు. సైనికుడు కిట్‌లో అన్నీ మోసుకు తిరగలేడు, చదివి చించేస్తాడు. కాబట్టి మీ దగ్గరున్నది సగం సంభాషణ. ఆయన జవాబుల్లోంచి వీళ్లు అడిగిన ప్రశ్నలను ఊహించాలి. రెండో ప్రపంచ యుద్ధంలో సెన్సార్ రిపోర్టుల్లో మన సైనికుల దిగులుకు పెద్ద కారణంగా ఇంటి సంగతులే కనబడతాయి. ధరలు, తిండి కొరత, 1943 బెంగాల్ కరువు. ఎడారిలో ట్యాంకుల ముందు నిలబడ్డవాడు ఊళ్లో గింజలున్నాయా అని కుమిలేవాడు. మీ తాత ఎద్దు గురించి మూడు ఉత్తరాల్లో వరుసగా అడిగాడంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. తాను లేని చోట సేద్యం నడుస్తున్నదా, తండ్రి ఒక్కడే నాగలి పట్టుకున్నాడా అన్నది ఆయన టెన్షన్. యుద్ధభూమిలో మనిషి మనసు ఎక్కడుందో చెప్పే ఆధారం అది.

వీటిని ఆధారంగా నమ్మొచ్చా అన్నది మీ ప్రశ్న. కొన్నిటికి నమ్మొచ్చు, కొన్నిటికి వద్దు. శత్రువులు ఎంతమంది చచ్చారు, ఎన్ని ట్యాంకులు కాలాయి, ఏ ఊరు పట్టుకున్నాం, వీటికి సిపాయి ఉత్తరాన్ని ఆధారం చేయొద్దు. ఆయనకు కనబడేది తన సెక్షన్, తన కందకం, ముందున్న గట్టు. మిగతాది లంగర్ (వంటశాల) దగ్గర విన్న మాట. యుద్ధంలో పుకారుకు ఉన్నంత వేగం వైర్‌లెస్‌కు కూడా ఉండదు. ఊరి పేర్లు, యూనిట్ కదలికలు రాయకూడదని ఆజ్ఞ కూడా ఉంటుంది కాబట్టి అవి ఉండవు, ఉన్నా తప్పుగా ఉండొచ్చు. చలి, నిద్ర, తిండి, కాళ్ల పుండ్లు, తవ్వకం, పక్కనున్న మనిషి ఎట్లాంటివాడు, సుబేదార్ సాబ్ మంచివాడా కాదా, ఎవరి మీద కోపం, ఎవరి మీద ప్రేమ, వీటికి ఉత్తరాన్ని మించిన సాక్ష్యం లేదు. యూనిట్ వార్ డైరీలో ఎన్నింటికి బయలుదేరారు, ఎక్కడికి చేరారు అని ఉంటుంది. ఆ రాత్రి బూట్లలోకి నీళ్లు పోయి వేళ్లు మొద్దుబారాయని ఉండదు.

చేతిరాత విషయంలో ఒక జాగ్రత్త. అక్షరాలు వంకర పోయాయి, కాబట్టి చేయి వణికింది, కాబట్టి భయపడ్డాడు అని కొందరు కథ అల్లుతారు. మోకాలి మీద కాగితం పెట్టుకొని, మొండి పెన్సిల్‌తో, వేళ్లు కొంకర్లు పోయే చలిలో రాస్తే ఎవరి రాతైనా అట్లాగే ఉంటుంది.

ఉత్తరానికి ఇంకో గొప్ప బలం ఉంది. రాసేటప్పుడు రేపు ఏం జరుగుతుందో ఆయనకు తెలియదు. గెలుస్తామో లేదో, తాను బతుకుతాడో లేదో తెలియదు. ముప్పై నలభై ఏళ్ల తర్వాత అదే మనిషిని కూర్చోబెట్టి అడిగితే గెలిచిన యుద్ధం కథే చెబుతాడు. నడుమ చూసిన సినిమాలు, సంఘం మీటింగుల్లో విన్న మాటలు, తోటివాళ్ల కథలు అన్నీ అందులో కలుస్తాయి. అందులో ఆయన తప్పేమీ లేదు, జ్ఞాపకం పనిచేసే తీరే అంత. తాత బతికుండగా చెప్పిన కథలు మీకు గుర్తుంటే వేరే పుస్తకంలో రాసి పెట్టండి. ఉత్తరాలతో కలిపేసి ఒకే కథ చేయొద్దు.

తేదీలు లేని ఉత్తరాలు కూడా ఉంటాయి. వాటికి ఊరి సంగతులే దిక్కు. ఉదాహరణకు, మన నర్సంపేట తాలూకాలో పుట్టిన పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రి అయింది 1971 సెప్టెంబర్ 30న, దిగిపోయింది 1973 జనవరిలో. "మన పీవీ ముఖ్యమంత్రి అయిండట గదా" అని ఎక్కడైనా ఉంటే అది ఆ తేదీ తర్వాతిదే. బతుకమ్మ, కోతలు, నాట్లు, ఎవరి పెళ్లి, ఎవరి చావు, ఇవన్నీ బాపమ్మకు చదివి వినిపిస్తే ఆమె ఏడాది చెప్పేస్తుంది. తాత పోయాక ఆమెకు ఇది కష్టంగా ఉండొచ్చు. రోజుకు ఒకటి రెండు చాలు, వద్దంటే ఆపేయండి.

సరిచూసుకోవడానికి మీ ఇంట్లోనే కొన్ని వస్తువులు ఉంటాయి. తాత పతకాలు తీసి చూడండి. 1971లో పశ్చిమ సరిహద్దులో ఉన్నవాళ్లకు పశ్చిమీ స్టార్, తూర్పున ఉన్నవాళ్లకు పూర్వీ స్టార్ ఇచ్చారు. పతకం మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి. పశ్చిమీ స్టార్ ఉంటే ఇంట్లో చెప్పుకొనే మాటకు ఆధారం దొరికినట్టే. డిశ్చార్జ్ బుక్‌లో ఎప్పుడు చేరాడు, ఏ ట్రేడ్, ఏ పతకాలు అన్నవి ఉంటాయి. అది పోయి ఉంటే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్ ఆఫీస్ బెంగళూరులో ఉంది. బాపమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటే ఆమె పేరు మీద, పెన్షన్ కాగితాల మీదున్న సర్వీస్ నంబరుతో దరఖాస్తు పెట్టాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఎట్లా రాయాలో చెబుతారు. యూనిట్ వార్ డైరీల వంటి రికార్డులను మామూలుగా పాతికేళ్లకు బయటపెట్టాలని రక్షణ శాఖ 2021లో ఒక విధానం తెచ్చింది, వాటిని చూసుకొనేది ఆ శాఖలోని హిస్టరీ డివిజన్. తాత యూనిట్ పేరు తేలాక ఆ దారి పట్టొచ్చు, కాస్త ఓపిక కావాలి.

కాగితాల సంగతి. దేన్నీ లామినేషన్ చేయించకండి, చిరిగిన మడతకు సెల్లోటేప్ అంటించకండి. ఆ జిగురు కొన్నేళ్లకు పసుపై కాగితాన్ని తినేస్తుంది. స్టాంపు, కవర్ ఊడదీయొద్దు. కట్ట ఏ వరుసలో దొరికిందో ఆ వరుసకు ముందు నంబర్లు వేసుకోండి, కాగితం మీద కాదు, విడి చీటీ మీద. ఎవరు ఏది ఎక్కడ దాచారన్నది కూడా ఒక్కోసారి పనికొస్తుంది. నీడపట్టున పగటి వెలుతురులో రెండు వైపులా ఫోన్‌తో ఫోటోలు తీయండి. తర్వాత ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి. "మంచిగున్న", "రంది పెట్టుకోకుండ్రి" అని ఉంటే అట్లాగే ఉంచండి, పుస్తక భాషలోకి దిద్దకండి. చుట్టీ (సెలవు), లంగర్, మోర్చా (కందకం) లాంటి పల్టన్ మాటలు కూడా అంతే. ఏ ఏడాది నుంచి ఆ మాటలు ఆయన తెలుగులోకి వచ్చాయో చూస్తే మనిషి ఎంతగా సిపాయి అయ్యాడో తెలుస్తుంది.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో 1948కి ముందు నాటి సైనికుల ఉత్తరాలుంటే అవి ఉర్దూలో ఉండొచ్చు. నిజాం రాజ్యంలో బడి చదువు ఉర్దూలో సాగింది, అప్పటి సైన్యంలో ఇంగ్లీషు అక్షరాలతో ఉర్దూ రాయడం కూడా నేర్పేవారు. పాలస్తీనాకు వెళ్లిన హైదరాబాద్ లాన్సర్లు, మలయాకు వెళ్లిన హైదరాబాద్ పదాతిదళం మనవాళ్లే. చదవడం రావడం లేదని అమ్మేయకండి, పారేయకండి. వరంగల్‌లో, హైదరాబాద్‌లో పాత ఉర్దూ చదివి పెట్టే పెద్దలు ఇంకా ఉన్నారు.

మీరు ఇప్పుడు చేయవలసింది దోస్తు కొడుకును మళ్లీ కలవడం. మైన్ల ఉత్తరానికి కవర్ గానీ, ఇన్‌లాండ్ లెటర్ వెనక భాగం గానీ ఉందేమో అడగండి. పంపినవాడి చిరునామాలో నంబరు, పేరు, యూనిట్, చివర "56 ఏపీవో" (ఆర్మీ పోస్టాఫీస్) అని ఉంటుంది. 56 అటు పశ్చిమ వైపు యూనిట్లన్నిటికీ ఒకటే, దానితో చోటు తెలియదు. దాని పైన పడిన ఫీల్డ్ పోస్టాఫీస్ ముద్రలో ఇంకో నంబరు, తేదీ ఉంటాయి. యూనిట్ పేరు, ఆ నంబరు, ఆ తేదీ మూడూ రాసి పంపండి, తర్వాత ఏం చేయాలో చూద్దాం. పాదం పోయిన ఆయన పేరు ఉత్తరంలో ఉంటే దాన్ని మాత్రం ఇక్కడ బయటపెట్టకండి. రికార్డ్ ఆఫీసు ద్వారా ఆయన కుటుంబానికి కబురు చేరి, వాళ్లు సరేనన్నాకే.